హైదరాబాద్ నుంచి లాంగ్ టూర్లకు ఏ బైక్ కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటి జీతం చేతికొచ్చిన కుర్రాళ్లు, సొంతంగా బండి నడుపుకుంటూ ఊళ్లు చూడాలనుకునే అమ్మాయిలు, పిల్లలు సెటిలయ్యాక భార్యాభర్తలిద్దరూ తిరిగొద్దామనుకునే పెద్దవాళ్లు, అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. టూరింగ్ బండి మొదటి గంటలో ఎంత హుషారుగా లాగిందన్నది నా దృష్టిలో పెద్ద విషయం కాదు. రోజంతా నడిపి, రాత్రి ఏదో లాడ్జిలో పడుకుని లేచాక, రెండో రోజు పొద్దున మళ్లీ దాని మీద కూర్చోవాలనిపిస్తుందా అన్నది చూసుకుని కొనాలి. షోరూమ్‌లో మనకు తెలిసేది మొదటి పది నిమిషాలే కాబట్టి, రెండో రోజు సంగతి ముందే ఎలా అంచనా వేయాలో ఈ జవాబుల్లో వీలైనంత వివరంగా రాశాను.

టూర్ల కోసం ప్రత్యేకంగా బండి కొనాల్సిందేనా? ఉన్నదానితో వెళ్లకూడదా?

హాయిగా వెళ్లొచ్చు. ఏడాదికి ఒకసారి శ్రీశైలం, ఇంకోసారి నాగార్జునసాగర్ అయితే ఇంట్లో ఉన్న 125, 150 సీసీ బండి చాలు. మంచి టైర్లు, కొత్త చైన్ సెట్ వేయించి, మిగిలిన డబ్బు హెల్మెట్‌కు, జాకెట్‌కు పెట్టండి. రోజుకు మూడు వందల కిలోమీటర్లు దాటి, వరసగా కొన్ని రోజులు, సామానుతో తిరగాలనుకున్నప్పుడే కొత్త బండి గురించి ఆలోచించాలి.

ఎన్ని సీసీ ఉంటే సరిపోతుంది?

అందరూ మొదట అడిగేది ఇదే. నిజానికి సీసీ కంటే ముందు తేల్చుకోవాల్సింది మీరు ఏ స్పీడులో గంటల తరబడి వెళ్తారన్నది. నాలుగు లేన్ల హైవే మీద బైకుకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లే. అంటే 150 దాటుతుందని గొప్పగా చెప్పుకునే బండి టాప్ స్పీడుతో టూర్‌లో మనకు పనిలేదు. కావాల్సింది వేరే. 80లో వెళ్తున్నప్పుడు ఇంజిన్ మీద భారం పడకూడదు. ముందున్న లారీని దాటడానికి యాక్సిలరేటర్ తిప్పితే, వెనక మనిషి, సామాను ఉన్నా బండి వెంటనే ముందుకు కదలాలి.

ఒక్క లెక్క వేసుకోండి. నడిపేవాళ్లు 80 కిలోలు, వెనక మనిషి 60, బ్యాగులు 20 అనుకుంటే బండి మీద 160 కిలోల బరువు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350 సొంత బరువు 191 కిలోలు, పవర్ సుమారు 20 హార్స్‌పవర్. మొత్తం 350 కిలోలను ఆ ఇరవై హార్స్‌పవర్ లాగాలి. చదునైన రోడ్డు మీద 80, 85లో నింపాదిగా లాగుతుంది. ఎదురుగాలి వీస్తున్నప్పుడో, ఎత్తు ఎక్కుతున్నప్పుడో లారీని దాటాలంటే మాత్రం గేరు తగ్గించి, ఖాళీ చూసుకుని, కాస్త ఓపిక పట్టాలి. అదే బరువుతో హిమాలయన్ 450, ట్రయంఫ్ స్పీడ్ 400, డామినార్ 400 లాంటి 40 హార్స్‌పవర్ బండ్లయితే ఆ పని సులువుగా అయిపోతుంది.

నా లెక్క ఇది. ఒక్కరే, తక్కువ సామానుతో, తొందర లేకుండా వెళ్లేవాళ్లకు 200 నుంచి 250 సీసీ బండి చక్కగా సరిపోతుంది. ఇద్దరు వెళ్లి, 80లోనే నింపాదిగా నడిపేవాళ్లకు 350 చాలు. ఇద్దరు, నిండా సామాను, పైగా ఘాట్లు అంటే 400 దగ్గర చూడండి. 650 కోరికకు కొనుక్కునేదే గానీ, మన రోడ్లకు అది తప్పనిసరి కాదు.

హార్స్‌పవర్, టార్క్... రెండిట్లో ఏది చూడాలి?

టార్క్ అంటే చక్రాన్ని తిప్పే బలం. రెండూ చూడాలి, కానీ ఎంత ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తున్నాయో కూడా చూడాలి. బ్రోషర్‌లో అంకె పక్కనే ఆ వివరం ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. హోండా హైనెస్ సీబీ350 ఇచ్చే 30 న్యూటన్ మీటర్ల టార్క్ 3000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. స్పీడ్ 400 ఇచ్చే 37.5 మాత్రం 6500 దగ్గర వస్తుంది. మొదటిది టాప్ గేరులోనే తాపీగా లాక్కెళ్తుంది, మాటిమాటికీ గేర్లు మార్చాల్సిన పని ఉండదు. రెండోదానికి గేర్లు మారుస్తూ ఇంజిన్‌ను పరుగెత్తించాలి, అప్పుడు రెచ్చిపోతుంది. సాయంత్రానికి ఎడమచేయి క్లచ్ నొక్కీ నొక్కీ అలిసిపోయేవాళ్లకు మొదటి రకమే నయం.

ఈ మధ్య జీఎస్టీ మారింది కదా, దాని ప్రభావం ఉందా?

చాలా ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటినవాటికి 40 శాతం అయింది. అంతకుముందు సెస్‌తో కలిపి వాటి మీద పడేది 31 శాతం. దాంతో 350 తరగతికి, 400 తరగతికి మధ్య తేడా బాగా పెరిగింది. అటు ఇటు ఊగుతున్నవాళ్లు ఆ తేడా డబ్బుతో మంచి రైడింగ్ గేర్, బ్యాగులు, రెండు టూర్ల పెట్రోలు వస్తాయని గుర్తుపెట్టుకోండి. ధర అడిగేటప్పుడు ఎక్స్-షోరూమ్ వద్దు, ఆన్-రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిస్తే అంకె బాగా మారిపోతుంది.

నా ఎత్తు 5.2. అడ్వెంచర్ బైకులంటే ఇష్టం. కాళ్లు అందవేమోనని భయం. ఏం చేయాలి?

భయం సహజమే గానీ, బ్రోషర్‌లో సీటు ఎత్తు చదివి నిర్ణయం తీసుకోవద్దు. కొన్ని అంకెలు చెప్తాను. సూపర్ మీటియోర్ 650 సీటు 740 మిల్లీమీటర్లు, మీటియోర్ 350ది 765, క్లాసిక్ 350ది 805. హిమాలయన్ 450ది 825, దాన్ని 845కి పెంచుకోవచ్చు. సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్‌ది 835. అంకె ఒకటే అయినా కొన్ని సీట్లు ముందు భాగంలో సన్నగా ఉంటాయి, కాళ్లు నేరుగా కిందికి దిగుతాయి. కొన్ని వెడల్పుగా ఉండి తొడలను పక్కకు నెట్టేస్తాయి. పైగా మీరు కూర్చోగానే సస్పెన్షన్ కొంత దిగుతుంది. అందుకే షోరూమ్‌కు వెళ్లి, రోజూ వేసుకునే షూస్‌తోనే కూర్చుని చూడాలి.

రెండు పాదాలూ పూర్తిగా ఆనాల్సిన పనిలేదు. రెండు కాళ్ల ముందుభాగాలు ఆనినా, లేదా ఒక పాదం గట్టిగా ఆనినా నడపొచ్చు. దానికంటే ముఖ్యమైన పరీక్ష ఇంకోటి ఉంది. బండి మీద కూర్చుని, ఇంజిన్ ఆపేసి, కాళ్లతో వెనక్కి నెట్టి చూడండి. మన దాబాల ముందు పార్కింగ్ చాలాచోట్ల మట్టి నేల, రోడ్డు వైపు నుంచి దిగుడుగా ఉంటుంది. బండిని ముందుకు దించి పెట్టేస్తాం, టీ తాగి వచ్చాక 190 కిలోలను ఎగువకు లాగాలి. అది రాకపోతే ప్రతి స్టాప్‌లో ఎవరినో ఒకరిని సాయం అడగాల్సి వస్తుంది. ఆ కోణంలో చూస్తే 167 కిలోల వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, దానికంటే తేలికైన హీరో ఎక్స్‌పల్స్ 200 మీకు నచ్చే అవకాశం ఎక్కువ. హిమాలయన్ 450 కావాలనిపిస్తే, 805 వరకు తగ్గించే లో సీటు కంపెనీ యాక్సెసరీగానే దొరుకుతుంది.

సస్పెన్షన్‌లో లింకులు మార్చి బండి మొత్తాన్ని కిందికి దించే పని మాత్రం చేయించొద్దు. స్పీడ్ బ్రేకర్లకు కింద తగులుతుంది, సైడ్ స్టాండ్ కొలత కూడా తప్పుతుంది.

క్రూయిజర్, అడ్వెంచర్, రోడ్‌స్టర్... ఏ రకం?

మీ దారులు రాసుకోండి. బెంగళూరు, విజయవాడ, నాగ్‌పూర్ లాంటి నాలుగు లేన్ల ప్రయాణాలే ఎక్కువైతే క్రూయిజర్ సుఖం. ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు సుమారు 570 కిలోమీటర్లు, దాదాపు అంతా నేరుగా సాగే రోడ్డు. అయితే క్రూయిజర్ మీద కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం కాబట్టి శరీర బరువంతా నడుం కింది ఎముక మీదే పడుతుంది. గుంత వస్తే లేచి నిలబడటం కష్టం, దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లు దీన్ని బాగా ఆలోచించుకోవాలి.

అడ్వెంచర్ బండి మీద పాదాలు మన కిందే ఉంటాయి. గుంతల్లో ఫుట్‌పెగ్స్ మీద లేచి నిలబడితే మోకాళ్లు దెబ్బను మింగేస్తాయి. భద్రాచలం దాటి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కేవాళ్లకు, అరకు, లంబసింగి వైపు వెళ్లేవాళ్లకు, ములుగు, ఏటూరునాగారం అడవి దారులు ఇష్టపడేవాళ్లకు నేను ఇదే చెప్తాను. ఎత్తు ఎక్కువ కావడం వల్ల పక్కగాలికి కాస్త ఊగుతాయి. లారీని దాటి ముందుకెళ్లిన క్షణంలో గాలి ఒక్కసారిగా తగిలినప్పుడు ఇది తెలుస్తుంది, కొత్తవాళ్లు కంగారుపడి హ్యాండిల్ బిగించి పట్టుకుంటారు. చేతులు వదులుగా ఉంచితే బండి తనంతట తనే సర్దుకుంటుంది.

రోడ్‌స్టర్లు, అంటే స్పీడ్ 400, ఇంటర్‌సెప్టర్ లాంటివి నడపడానికి ఎంతో ఆనందంగా ఉంటాయి. గాలి అడ్డుకునే విండ్‌షీల్డ్ ఉండదు, విడిగా వేయించుకోవాలి. ముందుకు వంగి కూర్చునే స్పోర్ట్స్ బండి మీద లాంగ్ టూర్ నేను ఎవరికీ సిఫారసు చేయను. మధ్యాహ్నానికే మణికట్లు, మెడ మొరాయిస్తాయి.

వెనక నా భార్య వస్తుంది. ఏం చూడాలి?

మొదట ఆమెను షోరూమ్‌కు తీసుకెళ్లండి. మగవాళ్లు నలుగురు స్నేహితులతో వెళ్లి బండి బుక్ చేసి ఇంటికొచ్చి చెప్తారు, టూర్‌లో ఇబ్బంది పడేది మాత్రం వెనక కూర్చున్న మనిషి. ఆమెకు పట్టుకోవడానికి హ్యాండిల్ లేదు, రోడ్డు కనిపించదు, బ్రేక్ ఎప్పుడు పడుతుందో తెలియదు.

వెనక సీటు ముందుకు వాలి ఉందేమో చూడండి. వాలి ఉంటే బ్రేక్ వేసినప్పుడల్లా ఆమె జారి మీ మీద పడుతుంది, ఒకచేత్తో వెనక్కి తోసుకుంటూనే ఉండాలి. వెనక ఫుట్‌పెగ్స్ మరీ పైకి ఉంటే మోకాళ్లు బాగా మడిచి కూర్చోవాల్సి వస్తుంది. పట్టుకునే గ్రాబ్ రెయిల్ సీటు పక్కన చేతికి అందాలి. వీపుకు ఆనుకునే బ్యాక్‌రెస్ట్ వేయించుకునే వీలుంటే మరీ మంచిది. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. విజయవాడ హైవే మీద పొద్దున్నే బయల్దేరి సూర్యాపేట దాకా వెళ్లి టీకి ఆగండి. ఆమె ఎలా దిగుతుందో గమనించండి. మీ భుజం పట్టుకుని మామూలుగా దిగి నడిచిందంటే బండి సరిపోయినట్టే. దిగాక నడుం మీద చేయి వేసుకుని ఓ నిమిషం అలాగే నిలబడిందంటే, ఆమె నోటితో బాగానే ఉందన్నా నమ్మొద్దు. ఆ సీటు ఆమెకు పడలేదు. స్నేహితుడి బండి అడిగి తీసుకునైనా కొనకముందే ఈ ప్రయాణం చేసి చూడండి.

హైవే మీద ఒకపక్కకు కూర్చుని ప్రయాణం అస్సలు వద్దు. ఆమెకు కూడా మీది లాంటి ఫుల్ ఫేస్ హెల్మెట్టే కొనండి, తేలికపాటి టోపీ లాంటిది సరిపోదు. ఇద్దరు కూర్చున్నప్పుడు వెనక టైరులో గాలి, సస్పెన్షన్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగుతు) పెంచాలి. ఎంత గాలి పెట్టాలో చైన్ కవర్ దగ్గరో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్‌ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది, లేకపోతే యూజర్ మాన్యువల్‌లో ఉంటుంది. బండి మొత్తం ఎంత బరువు మోయగలదో కూడా ఆ మాన్యువల్‌లోనే ఉంటుంది, కొనకముందే అడిగి చూడండి.

పెట్రోల్ ట్యాంక్ ఎంత పెద్దదిగా ఉండాలి?

మన వైపు పెద్ద హైవేల మీద బంకులకు కొరత లేదు, 13 లీటర్లు చాలు. లీటరుకు 30 ఇచ్చే బండి అయితే నిండు ట్యాంకుతో 390 వస్తుందని లెక్క, రిజర్వ్ తీసేసి 320కే మళ్లీ నింపుకోవాలనుకోండి. ఇంటర్‌సెప్టర్ ట్యాంక్ 13.7 లీటర్లు, కానీ అది తాగేదీ ఎక్కువే కాబట్టి ముందే నింపుకోవాలి. హిమాలయన్ 450కి 17 లీటర్లు ఉండటం పెద్ద ప్లస్ పాయింట్.

తేడా తెలిసేది అడవుల్లో, కొండల్లో. శ్రీశైలం వెళ్లేవాళ్లు మన్ననూరు రాకముందే ట్యాంక్ నింపుకోండి, ఆ తర్వాతంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అడవే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ దారి మూసేస్తారు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. మనాలీ-లేహ్ దారిలో తాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని రాసిన బోర్డు బైకర్లందరికీ తెలిసిందే. అలాంటి చోట క్యాన్‌లో అదనంగా పెట్రోల్ తీసుకెళ్లడం తప్పదు.

ట్యూబ్‌లెస్ టైర్లా, స్పోక్ చక్రాలా?

ఎక్కువమందికి ట్యూబ్‌లెస్సే. దీని గురించి కొంచెం విడమర్చి చెప్పాలి, ఎందుకంటే టూర్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే గాలి మెల్లగా దిగుతుంది. బండి ఊగకుండా పక్కకు తీసి ఆపే టైము దొరుకుతుంది. మేకు లాగి, రంధ్రాన్ని సూదితో గరుకు చేసి, జిగురు పట్టీ దూర్చి, మిగిలింది కోసేస్తే అయిపోయింది. పంపు ఉంటే చెట్టు నీడలో మీరే పావుగంటలో చేసుకోవచ్చు.

ట్యూబ్ ఉన్న స్పోక్ చక్రం పంక్చరైతే కథ వేరు. గాలి ఒక్కసారిగా పోయి బండి వెనక భాగం ఊగిపోతుంది. పంక్చర్ షాపుదాకా తోసుకెళ్లాలి. అక్కడ సామానంతా విప్పాలి, యాక్సిల్ నట్ వదులు చేయాలి, చైన్ తప్పించాలి, చక్రం బయటికి తీయాలి. కుర్రాడు రెండు లీవర్లతో టైరు అంచు ఎత్తి ట్యూబు లాగి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూస్తాడు. తిరిగి టైరు ఎక్కించేటప్పుడు ఆ లీవరే ట్యూబును గిల్లిందంటే మళ్లీ మొదటికొస్తుంది. బిగించాక చైన్ రెండువైపులా సమానంగా ఉందో లేదో మీరే దగ్గరుండి చూసుకోవాలి. గంట, గంటన్నర పోతుంది. చీకటి పడ్డాక అయితే షాపు దొరకడమే టెన్షన్.

మరి స్పోక్ చక్రాలు ఎందుకు పెడతారంటే, రాళ్ల దారిలో గట్టి దెబ్బ తగిలినా అవి వంగి సర్దుకుంటాయి, అలాయ్ చక్రం చీలొచ్చు. ఆఫ్‌రోడ్ నిజంగా చేసేవాళ్లకు అవే సరైనవి. రెండూ కలిసొచ్చే ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు కూడా వచ్చాయి. హిమాలయన్ 450 మొదట ట్యూబ్ టైర్లతోనే వచ్చింది, తర్వాత వీటిని ఆప్షన్‌గా ఇచ్చారు. మీటియోర్, వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్‌లకు అలాయ్, ట్యూబ్‌లెస్ ఉంటాయి. ఎక్స్‌పల్స్ 200 తీసుకుంటే స్పేర్ ట్యూబు ఒకటి బ్యాగులో ఉండాల్సిందే.

ఇంజిన్ వైబ్రేషన్ అంత పెద్ద సమస్యా?

గంటకు సమస్య కాదు, ఆరు గంటలకు సమస్యే. వేళ్లు తిమ్మిరెక్కి క్లచ్ పట్టు తెలియకుండా పోతుంది. మీరు ఎక్కువసేపు నడిపే స్పీడులోనే వైబ్రేషన్ వస్తోందా అన్నది చూడండి. కొన్ని బండ్లు 70 దాకా మెత్తగా ఉండి 85 దగ్గర ఫుట్‌పెగ్స్ వణుకుతాయి, కొన్నింటికి ఆ స్పీడు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రెండు సిలిండర్ల ఇంటర్‌సెప్టర్ ఈ విషయంలో వేరే తరగతి, 650 కొనాలనుకునేవాళ్లకు అన్నిటికంటే మంచి కారణం ఇదే.

మన ఎండలకు ఎయిర్ కూల్డా, లిక్విడ్ కూల్డా?

హైవే మీద రెండూ బాగానే ఉంటాయి, గాలి తగులుతూనే ఉంటుంది కాబట్టి. తేడా ఊళ్లోకి వచ్చాక తెలుస్తుంది. సాయంత్రం ఎల్బీనగర్ దగ్గరో కూకట్‌పల్లిలోనో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు లిక్విడ్ కూల్డ్ ఇంజిన్‌కు ఫ్యాన్ తిరుగుతుంది, ఇంజిన్ క్షేమంగా ఉంటుంది గానీ ఆ వేడిగాలి మీ కాళ్లకు తగులుతుంది. ఎయిర్ కూల్డ్‌కు రేడియేటర్, కూలెంట్ గొడవ లేదు, రిపేరు సులువు. మే నెలలో ఏ బండి అయినా పొద్దున ఐదింటికి బయల్దేరి పదకొండుకల్లా ఆపేయడం మంచిది. ఇంజిన్ కంటే ముందు మనిషి ఓవర్‌హీట్ అవుతాడు.

ఏబీఎస్ సింగిల్ ఛానెల్ అయితే ఫర్వాలేదా?

ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేక్ వేసినా చక్రం లాక్ అవకుండా చూసేది. 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి, కానీ ముందు చక్రానికి మాత్రమే ఉన్నా (అదే సింగిల్ ఛానెల్) చట్టానికి సరిపోతుంది. టూర్లకు రెండు చక్రాలకూ ఉండే డ్యూయల్ ఛానెల్ తీసుకోండి. లోడుతో, వాన నీళ్ల మీద, ఆయిల్ మరకల మీద వెనక చక్రం లాక్ అయితే అదుపు చేయడం కష్టం. మట్టిదారుల్లో తిరిగేవాళ్లకు వెనక ఏబీఎస్ ఆపుకునే వీలు కూడా ఉండాలి.

సర్వీసు, స్పేర్ పార్ట్స్ ఎక్కడైనా దొరుకుతాయా?

రాయల్ ఎన్‌ఫీల్డ్, హీరో, బజాజ్, హోండా, సుజుకీ అయితే జిల్లా కేంద్రం ఏదైనా పెద్ద ఇబ్బంది ఉండదు. ప్రీమియం బ్రాండ్ల సంగతి కొనకముందే చూసుకోండి. మీరు వెళ్లే దారిలో ఉన్న ఊళ్లలో, అంటే కర్నూలు, వరంగల్, ఆదిలాబాద్, రాజమండ్రిలో సర్వీస్ సెంటర్ ఉందా అని కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి. హైదరాబాద్‌లో మూడు సెంటర్లు ఉన్నంత మాత్రాన ఆదిలాబాద్ దగ్గర ఆగిపోయిన బండికి లాభం లేదు.

టూర్‌కు బయల్దేరేటప్పుడు క్లచ్ కేబుల్, ఫ్యూజులు, స్పార్క్ ప్లగ్, క్లచ్, బ్రేక్ లీవర్లు ఒక్కో జత, చైన్ లింక్, పంక్చర్ కిట్, చిన్న పంపు వెంట ఉండాలి. చైన్‌కు ప్రతి 500 కిలోమీటర్లకు, వానలో తడిస్తే ఆ రోజు సాయంత్రమే లూబ్ కొట్టాలి. టైర్లు, చైన్ సెట్లు, బ్యాటరీల లాంటివి నాలుగు షాపులు తిరిగి బేరం చేయాలంటే రాణిగంజ్ వెళ్లండి. లీవర్లు, బ్రేక్ ప్యాడ్లు మాత్రం కంపెనీ ఒరిజినల్సే కొనండి.

సెకండ్ హ్యాండ్ టూరింగ్ బండి కొనొచ్చా?

మంచి ఆలోచన. హడావుడిగా కొని, ఒక టూర్ చేసి, ఇంట్లో పెట్టేసిన బండ్లు హైదరాబాద్‌లో బోలెడు దొరుకుతాయి. 2023లో ఆగిపోయిన పాత హిమాలయన్ 411 ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. నింపాదిగా నడిపేవాళ్లకు దాని 15 లీటర్ల ట్యాంక్, 800 మిల్లీమీటర్ల సీటు బాగా నప్పుతాయి.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడటానికి వెళ్లండి. వేడెక్కించి పెట్టిన ఇంజిన్ జబ్బులు దాచేస్తుంది. వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) దగ్గర చైన్‌ను వెనక్కి లాగి చూడండి, పళ్లు సగం కనిపించేలా పైకి లేస్తే చైన్ సెట్ మార్చాల్సిందే. ముందు చక్రాన్ని లేపించి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి, మధ్యలో గంటు పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగ్ పోయింది. ముందు ఫోర్క్ గొట్టాల మీద వేలితో రాసి చూడండి, నూనె అంటితే సీళ్లు లీకవుతున్నాయి. హ్యాండిల్ చివర్లు, ఫుట్‌పెగ్ అంచులు గీసుకుపోయి ఉంటే బండి పడిందని అర్థం, ఎలా పడిందో మొహమాటపడకుండా అడగండి. పెండింగ్ చలాన్లు, లోన్ క్లియరెన్స్, ఇన్సూరెన్స్ చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

టెస్ట్ రైడ్ ఎక్కడ చేయాలి?

షోరూమ్ చుట్టూ తిప్పి తెచ్చేది టెస్ట్ రైడ్ కాదు. అవుటర్ రింగ్ రోడ్ మెయిన్ క్యారేజ్‌వే మీద టూవీలర్లకు అనుమతి లేదు, సర్వీస్ రోడ్డే దిక్కు. వీలైతే ఆదివారం పొద్దున వికారాబాద్ అనంతగిరి దాకా వెళ్లిరండి. వెళ్లిరావడం 150 కిలోమీటర్ల పైనే అవుతుంది. ఊరి ట్రాఫిక్, స్పీడ్ బ్రేకర్లు, చిన్న పల్లెలు, కొండ మలుపులు అన్నీ ఆ ఒక్క దారిలోనే తగులుతాయి. డీలర్ అంత దూరం ఇవ్వకపోతే ఒకరోజుకు అద్దెకు తీసుకోండి. లక్షలు పెట్టేముందు ఆ అద్దె దండగ కాదు.

సామాను ఎలా కట్టాలి?

బరువైనవి కిందికి, వీలైనంత ముందుకు రావాలి. టాప్ బాక్స్‌లో బట్టల్లాంటి తేలికైనవే పెట్టండి, అక్కడ బరువు పెడితే హ్యాండిల్ తేలిపోతుంది. సైలెన్సర్ వైపు బ్యాగు వేడికి కరగకుండా మధ్యలో రాడ్ స్టాండ్ ఉండాలి. డామినార్ 400 లాంటి కొన్నింటికి 2021 నుంచి క్యారియర్, విండ్‌స్క్రీన్, హ్యాండ్ గార్డులు కంపెనీ నుంచే వస్తున్నాయి.

బడ్జెట్‌లో గేర్‌కు ఎంత పెట్టాలి?

బండికి చూసుకున్న డబ్బులో కనీసం పదో వంతు ముందే పక్కన పెట్టండి. హెల్మెట్‌కు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, 2021 జూన్ 1 నుంచి అది లేనివి అమ్మడమే నేరం. మోచేయి, భుజం, వీపు ప్యాడ్లున్న జాకెట్, గ్లౌజులు, చీలమండ కప్పే బూట్లు కావాలి. డబ్బు సరిపోకపోతే బండి ఒక మెట్టు తగ్గించండి గానీ గేర్ తగ్గించొద్దు. ఈ మాట దగ్గర మాత్రం నేను రాజీపడను.

ఎలక్ట్రిక్ బైక్ మీద లాంగ్ టూర్ వీలవుతుందా?

ఇప్పటికైతే సిఫారసు చేయను. చార్జింగ్ టైము, దారిలో మీ బండికి సరిపోయే కనెక్టర్ దొరకడం, రెండూ రోజు ప్లానును వాటి చేతిలో పెట్టేస్తాయి.

లదాఖ్ వెళ్లాలి. అందుకోసమే పెద్ద బండి కొననా?

ఏడాదిలో రెండు వారాల కోసం మిగతా యాభై వారాలు మోయలేని బండి కొనొద్దు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ప్రతి వెయ్యి అడుగులకు ఇంజిన్ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. 17 వేల అడుగుల మీద ఏ బండి అయినా దాదాపు సగం బలంతోనే నడుస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండ్లు పెట్రోల్ పాళ్లు తామే సర్దుకుంటాయి కాబట్టి అక్కడ 200, 250 సీసీ బండ్లు కూడా బాగానే ఎక్కుతాయి, ఒక్కరే ఉంటే మాత్రమే.

హైదరాబాద్ నుంచి మొత్తం నడుపుకుంటూ వెళ్లేంత సెలవు లేకపోతే బండిని రైల్లో ఢిల్లీకో చండీగఢ్‌కో పంపేయండి. రైల్వే స్టేషన్ పార్సెల్ ఆఫీసులో ఆర్సీ కాపీ, గుర్తింపు కార్డు ఇవ్వాలి, ట్యాంక్ పూర్తిగా ఖాళీ చేయాలి, ప్యాకింగ్ చేయించాలి. అద్దాలు, విండ్‌షీల్డ్ విప్పి మీ దగ్గరే ఉంచుకోండి. బండి మీద రంగులో ఎక్కడెక్కడ గీతలున్నాయో ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. బండి మీకంటే ఆలస్యంగా చేరొచ్చు కాబట్టి, అక్కడ దిగాక కనీసం ఒక రోజు ఖాళీ ఉండేలా టికెట్లు బుక్ చేసుకోండి.